అమ్మ పక్కన జాగ

మనిషి మనసును ఇంగ్లీషువాళ్లు ఎలా చెప్పుకుంటారో నేను మొదట చదివింది అట్ట ఊడిపోయిన ఒక పుస్తకంలో. ముందు పుటలు కొన్ని చిరిగిపోయాయి కాబట్టి దాని పేరు నాకు ఇప్పటికీ తెలియదు. మూసీ అవతల ఉన్న తెలుగు గ్రంథాలయంలో, ఎవరూ తెరవని ఇంగ్లీషు అల్మారాలో, కింది అరలో అది పడి ఉండేది. ఆ అల్మారా తాళం తీయమని నేను మొదటిసారి అడిగినప్పుడు గ్రంథపాలకుడు నా ముఖం చూడలేదు, చేతులు చూశాడు. రెండు వైపులా తిప్పి చూపించమన్నాడు. పాలవాసన పోయేదాకా కుంకుడుకాయతో తోముకుని వచ్చానని చెప్పాను. ఆయన నవ్వి తాళం తీశాడు.

మాది హుస్సేనీ ఆలంలో బర్రెలను పెట్టుకుని బతికే ఇల్లు. ముందు కొట్టం, వెనక రెండు గదులు, మధ్యలో సాయబాను, రేకులు కప్పిన పంచ. తెల్లవారుతుండగా పాలు పిండి, లాడ్ బజార్ దుకాణాలకు, ఆ వెనక గల్లీల్లోని ఇళ్లకు నేను పోసి వచ్చేవాణ్ణి. ఎండ ఎక్కేసరికి పని అయిపోయేది. అప్పుడు స్నానం చేసి, ఉతికిన అంగీ తొడుక్కుని, నయాపూల్ దాటి గ్రంథాలయానికి నడిచేవాణ్ణి. బడిలో నేను చదివింది నాలుగో తరగతి వరకే, అది కూడా ఉర్దూలో. తెలుగు అక్షరాలు మేనమామ దగ్గర నేర్చుకున్నాను. ఇంగ్లీషు మాత్రం ఎవరూ నేర్పలేదు. నిఘంటువు ఒక పక్క, పుస్తకం ఒక పక్క పెట్టుకుని, ఒక్కొక్క మాటా నేనే సంపాదించుకున్నాను. ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ కొంచెం గర్వంగానే ఉంటుంది.

ఆ పుస్తకంలో మాటలన్నీ మనుషుల స్వభావాల ప్రకారం అధ్యాయాలుగా ఉండేవి. లోపలి ఆలోచన దాచుకోలేనివాడు గుండెను అంగీ చేతికి తగిలించుకుని తిరిగేవాడట. పదిమంది సంతోషంగా ఉన్నచోట నిరుత్సాహం చల్లే మనిషి తడి కంబళి. పైకి మోటుగా, లోపల మంచిగా ఉండేవాడు సానపట్టని వజ్రం. దుఃఖం వచ్చినా బయటపడనివాడు పై పెదవిని బిగించుకునేవాడు. మనం కోపాన్ని ముక్కు మీద పెట్టుకుంటే వాళ్లు దాన్ని మెడచుట్టూ కాలరు కింద పెట్టుకున్నారు. చదువుతుంటే నాకు వింతగా ఉండేది. మనిషి ఒంట్లో మనం చూడని చోటల్లా వాళ్లు ఒక మనోభావాన్ని ఉంచినట్టు అనిపించేది.

నేర్చుకున్న మాటను ఇంట్లో ఎవరికో ఒకరికి తగిలిస్తే గాని నాకు నిద్ర పట్టేది కాదు. మా బాపు పొద్దున చాయ్ తాగేదాకా ఎవరితోనూ సరిగా మాట్లాడడు కాబట్టి ఆయన తల నొస్తున్న ఎలుగుబంటి. బాపు అక్క, అంటే మా మేనత్త, చిన్నప్పుడే భర్త పోయి మా ఇంట్లోనే ఉండేది. ఎవరు కొత్త బట్ట కట్టుకున్నా అది ఎప్పుడు చిరుగుతుందో చెప్పేది. తడి కంబళి ఆమెకు సరిగ్గా సరిపోయింది. మా చెల్లెలికి అప్పుడు ఐదో ఏడు. అది ఇంటిల్లిపాదికీ చివరి బిడ్డ, పొద్దున్నించి పొద్దుగూకేదాకా వాగుతూనే ఉండేది. దానికి పొయ్యిగడ్డ దగ్గరి కీచురాయి అని పెట్టాను. సంతోషంగా ఉండేవాళ్లను ఇంగ్లీషువాళ్లు కీచురాయితో పోలుస్తారు. అమ్మకు మాత్రం ఏ మాటా అతకలేదు. ఆమె కోపం, సంతోషం రెండూ చేతిపనిలోకే వెళ్లిపోయేవి. కోపం వస్తే కొట్టం ఇంకొంచెం శుభ్రంగా ఊడ్చేది, అంతే.

ఇవన్నీ నేను అన్నం తినేటప్పుడు చెబితే బాపు వినీ విననట్టు వినేవాడు. ఒకసారి, ఎప్పుడూ చదివేవాణ్ణి వాళ్లు ఏమంటారని అడిగాడు. పుస్తకపు పురుగు అంటారని చెప్పాను.

"పేడల పురుగును శానా సూసిన," అన్నాడు బాపు. "పుస్తకంల పురుగును నా ఇంట్లనే సూస్తున్న."

చెల్లెలు ఆ మాట పట్టుకుని వారం రోజులు నన్ను పురుగన్నా అని పిలిచింది.

ఆ వానాకాలం చెల్లెలికి విషజ్వరం వచ్చింది. హకీం వచ్చాడు, తరువాత దవాఖానాకు తీసుకుపోయాం. అక్కడినుంచి బాపు దాన్ని భుజం మీద వేసుకుని తిరిగి వచ్చాడు. అది నిద్రపోతోందని గల్లీలో వాళ్లు అనుకున్నారు.

మరునాడు కూడా పాలు పోయాలి. బర్రెలు ఆగవు, పాలు ఆగవు. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం పెట్టుకున్న ఒక పెద్దమనిషి మా దగ్గర ఎన్నో ఏళ్లుగా పాలు తీసుకునేవాడు. పండగకు మా చెల్లెలికి ఆకుపచ్చ లక్కగాజులు తన చేత్తో తొడిగింది ఆయనే. పాలు కొలుస్తూ సంగతి చెప్పాను. ఆయన పట్టుకున్న గిన్నె అలాగే ఉండిపోయింది. "దిల్ బైఠ్ గయా, బేటా," అన్నాడు. గుండె కూర్చుండిపోయిందని. దారి పొడవునా నేను ఆ మాటే తలుచుకుంటూ వచ్చాను. మన గుండె జారుతుంది. ఆయన గుండె కూర్చుంటుంది. ఇంగ్లీషువాళ్ల గుండె నీళ్లలోకి దిగినట్టు మునిగిపోతుంది. ఏ భాషలోనైనా అది కిందికే పోతోంది, పైకి లేచే మాట ఒక్కటీ నాకు ఆ రోజు గుర్తుకు రాలేదు.

అమ్మ ఏడవలేదు. గల్లీలో ఆడవాళ్లు వచ్చి ఆమె మెడ కౌగిలించుకుని శోకాలు పెట్టారు. ఆమె వాళ్ల వీపు నిమిరి ఊరుకుంది. దినాలయ్యేదాకా పని చేసింది. ఆ తరువాత ఒక పొద్దున కొట్టంలోకి రాలేదు. సాయబానులో గోడకు ఆనుకుని కూర్చుంది. మరునాడు కూడా అక్కడే కూర్చుంది. పిలిస్తే కొంచెం ఆలస్యంగా తల తిప్పేది. అన్నం ముందు పెడితే చూసేది, అది ఎందుకు పెట్టారో తెలియనట్టు. మేనత్త కలిపి నోట్లో పెడితే రెండు ముద్దలు తినేది.

చెల్లెలి వస్తువులన్నీ మేనత్త అప్పటికే తీసేసింది. మా వాళ్లలో అది ఆనవాయితీ. చిన్నబిడ్డ పోతే దాని బట్ట, దాని గిన్నె, దాని గాజులు తల్లి కంట పడనివ్వరు. పేరు కూడా ఎత్తరు. కనపడకపోతే, వినపడకపోతే తల్లి తొందరగా మరిచిపోతుందని. అందుకే మేమంతా ఆ ఇంట్లో జాగ్రత్తగా మాట్లాడేవాళ్లం. ఇంట్లో ఒక పేరు లేకుండా మాట్లాడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ప్రతి మాటా తిరిగి తిరిగి దాని దగ్గరికే వచ్చి ఆగేది.

మేనత్త చెడ్డది కాదు. అమ్మ తల దువ్వేది, స్నానం చేయించేది, వంటంతా తనే చేసేది. దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. వేపకొమ్మలతో దిష్టి తీయించింది. ఏదీ పనిచేయకపోయేసరికి, అమ్మను పుట్టింటికి పంపించమని బాపు వెంట పడింది. గాలి సోకిన మనిషిని ఈ ఇంట్లో ఉంచితే ఇంకా పాడవుతుందని, అన్నదమ్ముల దగ్గర ఉంటే తేరుకుంటుందని ఆమె వాదన. మా వెనక గల్లీలో ఒకామెను అలాగే పంపించారు. ఆమె తిరిగి రాలేదు. ఏడాది తిరిగేసరికి ఆ ఇంట్లో ఇంకొకామె వంట చేస్తోంది. ఆ సంగతి బాపుకు తెలుసు, నాకు తెలుసు, మేనత్తకూ తెలుసు. మేనమామ బండి కట్టుకుని వస్తానని కబురు పంపాడు. బాపు అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

ఒక పొద్దున నేను గ్రంథాలయానికి బయలుదేరుతుంటే బాపు కొట్టం గుమ్మంలో నన్ను ఆపాడు. గడ్డిమోపు విప్పుతూ, నా వంక చూడకుండా అడిగాడు.

"నీ పుస్తకంల జర సూడురా. దుఃఖంతోని మనిషి మనిషిల లేకుంటే, గాళ్లేమంటరు?"

అంతవరకూ ఆయన అన్నం దగ్గర సరదాకు తప్ప ఆ పుస్తకం గురించి తనంతట తాను అడగలేదు. ఆ రోజు నయాపూల్ మీద నేను దాదాపు పరుగెత్తాను.

దుఃఖం గురించిన అధ్యాయం చివర్లో ఉండేది. నోటి మూలలు కిందికి జారిన మనిషి అని ఒక మాట. నీలంగా ఉన్న మనిషి అని ఒకటి. బరువైన గుండె, అది మనకూ ఉంది. ముక్కలైపోయిన మనిషి అని ఉంది. అది చదివి పుస్తకం కాసేపు మూసేశాను. దాన్ని బాపు దగ్గరికి మోసుకుపోవడం నాకు ఇష్టం లేకపోయింది. మళ్లీ తెరిచి ఇంకో పుట తిప్పితే అక్కడ ఉంది. దుఃఖం పట్టలేని మనిషిని వాళ్లు 'తన పక్కన తానున్నది' అంటారు. నిఘంటువులో ఒక్కొక్క ముక్కా మళ్లీ వెతికాను. గ్రంథపాలకుణ్ణి అడిగాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, నా అర్థం సరైనదేనని, మనిషి తన వశంలో తాను లేకపోవడమని చెప్పాడు. ఎవరి గురించి అని అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి బాపు గడ్డి కోస్తున్నాడు. చెప్పాను. కత్తి ఆగింది.

"అంటే, మనిషి తన పక్కపొంటి తనే కూసుంటదా?"

"మాట గట్ల, బాపు. నిజంగ కాదు."

"మాటని నాకెరుకలేదారా." ఆయన సాయబాను వైపు చూశాడు. అమ్మ గోడకు ఆనుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని ఉంది. "పక్కపొంటి ఉన్నదంటే దూరం పోలే కదా."

అంతే అన్నాడు. మళ్లీ గడ్డి కోయడం మొదలుపెట్టాడు. సాయంత్రం మేనమామకు బండి తేవద్దని కబురు పంపించాడు.

మరునాడు మేనత్త దువ్వెన తీసుకుని అమ్మ కుడిపక్కన కూర్చోబోతే బాపు ఆపాడు. జర అటువైపు కూర్చో అక్కా, ఆ జాగ ఉంచు అన్నాడు. మేనత్తకు అర్థం కాలేదు. అప్పటినుంచి ఆయన చాయ్ గ్లాసు పట్టుకుని అమ్మ దగ్గర కూర్చున్నా, ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత జాగ వదిలేవాడు. నేను అటు కూర్చోబోయినా కళ్లతోనే వద్దనేవాడు. అది వట్టి మాట అని ఆయనకు తెలుసు. తెలిసే చేసేవాడు. నాకు సంగతి తెలిసినా ఎవరితోనూ చెప్పలేదు, కానీ మేనత్త నన్ను పట్టుకుని అడిగి రాబట్టింది. ఆ తరువాత బాపును వదలలేదు.

"ఎవరికి ఉంచుతున్నవ్ తమ్మీ ఆ జాగ? ఇంగ్లీషోళ్లొచ్చి కూసుంటరా?"

"నీ మరదలిదే," అన్నాడు బాపు. "వచ్చినప్పుడు కూసుంటది."

మేనత్త నోరు నొక్కుకుంది. కానీ ఆ రోజునుంచి ఆమె కూడా ఎడమపక్కనే కూర్చుని తల దువ్వేది.

ఆశ్వయుజం దాటాక మా నుదుటిచుక్క బర్రె దుడ్డె, పాలు తాగే దూడ, చచ్చిపోయింది. మా ఇంట్లో ఎక్కువ పాలు ఇచ్చేది ఆ బర్రే. అది మొదటినుంచీ అమ్మ చేతికి అలవాటు పడింది. ఆమె కొట్టంలోకి రావడం మానేశాక, దుడ్డెను ముందు విడిచి కుడిపిస్తే గాని బాపు చేతికి చేపేది కాదు, పొదుగులోకి పాలు దించేది కాదు. ఇప్పుడు దుడ్డె లేదు. బర్రె గుమ్మం వైపు మెడ చాచి అరిచేది. పొదుగు గట్టిపడింది. బాపు కూర్చుంటే కాలు విసిరేది.

ఇలాంటప్పుడు పాలవాళ్లు చేసే పని ఒకటుంది. చచ్చిన దుడ్డె తోలు తీయించి, ఉప్పు రాసి ఆరబెట్టి, లోపల గడ్డి కూరి కుట్టి, బర్రె ముందు నిలబెడతారు. బర్రె తన దుడ్డె వాసన పట్టి దాన్ని నాకుతుంది. నాకుతూ చేపుతుంది. నా చిన్నప్పటినుంచీ చూస్తున్నదే, మాకు అందులో వింత లేదు. కానీ ఈసారి బాపు వెనకాడాడు. అమ్మ చూస్తుందని ఆయన భయం. మేనత్త మాత్రం పొదుగు చెడితే బర్రె పోతుందని, సాయబాను వైపు గోనెపట్టా కట్టి పని కానిద్దామని చెప్పింది. అలాగే చేశారు. గడ్డిదుడ్డె తయారయ్యాక దాన్ని కొట్టం మూల సంచుల కింద దాచారు.

ఆ పొద్దున ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు. నేను పలుపు పట్టుకున్నాను. బాపు గడ్డిదుడ్డెను తెచ్చి బర్రె ముందు నిలిపాడు. దాని కాళ్లు కర్రలు, అందుకని నేను ఇంకో చేత్తో దాన్ని పట్టుకుని ఉండాల్సి వచ్చింది. బర్రె ముక్కు ఆనించి వాసన చూసింది. ఒకసారి నాకింది. మళ్లీ నాకింది. దాని గొంతులోంచి సన్నగా ఒక చప్పుడు వచ్చింది, దుడ్డెను పిలిచే చప్పుడు. బాపు పొదుగు దగ్గర కూర్చున్నాడు. మొదటి ధార చెంబు అడుగున మోగింది.

గోనెపట్టా పక్కకు జరిగింది. అమ్మ నిలబడి ఉంది, ఆమె వెనక మేనత్త.

అమ్మ లోపలికి వచ్చింది. అన్ని రోజులు కూర్చుని ఉండటం వల్ల నడక తడబడింది. గడ్డిదుడ్డె దగ్గర ఆగి, దాని వీపు మీద చెయ్యి వేసింది. కుట్టు దగ్గర బయటికి పొడుచుకు వచ్చిన గడ్డిపోచను వేలితో లోపలికి నెట్టింది. అప్పుడు మాట్లాడింది. ఇన్నాళ్లూ మాట్లాడక గొంతు బొంగురుపోయింది.

"దీన్ని తీసెయ్యిండ్రి."

"తీస్తే చేపదే," అన్నాడు బాపు నెమ్మదిగా.

"చేపకుంటే చేపకపోనీ. దానికెరుకే దాని బిడ్డ లేదని. గడ్డిని సూపిచ్చి దాన్ని మురిపియ్యకుండ్రి." ఆమె మేనత్త వైపు తిరిగింది. మేనత్త పట్టా అంచు పట్టుకుని గుమ్మంలోనే ఉండిపోయింది. "నా బిడ్డ గాజులేవి వదినా? గౌనేది? ఏడ దాచినవ్?"

మేనత్త పట్టా అంచు వదిలేసింది. లోపలికి వెళ్లింది. జొన్నల సంచి వెనకనుంచి మూట తీసిన చప్పుడు మాకు వినపడింది. తెచ్చి అమ్మ చేతుల్లో పెట్టింది. ఆకుపచ్చ లక్కగాజులు అమ్మ నాలుగు వేళ్ల వరకే ఎక్కాయి, అంతకంటే పైకి పోలేదు. వాటిని అలాగే ఉంచుకుని ఆమె చెల్లెలి పేరు పిలిచింది. గట్టిగా కాదు. అన్నానికి పిలిచినట్టు, అంతే.

బాపు లేచి గడ్డిదుడ్డెను ఎత్తుకుని బయటికి పోయాడు. బర్రె మెడ చాచి అరిచింది. అమ్మ దాని పక్కన నిలబడి మెడకు ముఖం ఆనించింది. ఆమె ఏడ్చిందో లేదో నేను చెప్పలేను. నాకు ఆమె వీపు మాత్రమే కనిపించింది, అది చాలాసేపు కదులుతూ ఉంది.

అన్నీ ఒక్కసారిగా బాగుపడ్డాయని రాస్తే అబద్ధమవుతుంది. నుదుటిచుక్క బర్రె ఆ ఈతకు మళ్లీ సరిగా పాలివ్వలేదు. అమ్మ ప్రతి పొద్దునా వెళ్లి దాని దగ్గర కూర్చుని, పొదుగుకు వెచ్చటి నీళ్లు కొట్టి, దానితో ఏదో మాట్లాడేది. ఒక్కోనాడు గిన్నెడు పాలు వచ్చేవి, ఒక్కోనాడు అవీ రావు. పాలు చాలక మేము వేరే ఇంటినుంచి తెచ్చి పోశాం. అమ్మ మధ్యాహ్నాలు మళ్లీ గోడ దగ్గరికే వెళ్లేది. కానీ అన్నం తన చేత్తో తినేది. ఇంట్లో చెల్లెలి పేరు వినపడేది. ఆశ్చర్యం ఏమిటంటే, మొదట ఎత్తింది మేనత్తే. పొయ్యి దగ్గర కూర్చుని, అది నన్ను పురుగన్నా అని పిలిచిన సంగతి తనే చెప్పి, తనే నవ్వి, తనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

బాపు మాత్రం జాగ వదలడం మానలేదు. చలికాలం వచ్చింది. సాయబానులో ఎండ పడే చోటు చిన్నది, అయినా ఆయన అందులో సగం ఖాళీగా ఉంచి నీడలో కూర్చునేవాడు. ఒక పొద్దున నేను పాలు పోసి వచ్చేసరికి ఇద్దరూ అలాగే ఉన్నారు. అమ్మ ఎండలో, బాపు నీడలో, మధ్యలో ఆ ఖాళీ చోటు. ఆయన కంబళి కప్పుకుని చాయ్ ఊదుకుంటున్నాడు. అమ్మ చాలాసేపు ఆయన వంక చూసింది.

"గంత దూరం కూసున్నవేంది?" అంది. "చలి పెడతలేదా? ఇటు జరుగు."

బాపు గ్లాసు కింద పెట్టాడు. ముందు ఆ ఖాళీ చోటు వైపు చూశాడు, తరువాత నా వైపు. నేను చేతిలోని పాలచెంబు దించడం మరిచిపోయి నిలబడ్డాను. అప్పుడు ఆయన నేల మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా, అక్కడ ఎవరైనా ఉంటే తగలకుండా జరిగినట్టు, ఎండలోకి జరిగి ఆమె పక్కన కూర్చున్నాడు.